ఘాతం అంటే దెబ్బ కదా, లెక్కల్లోకి ఎలా వచ్చింది?

గాజువాక నాన్న · సోమవారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి. వాళ్ళ లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇందాక రెండు పేజీల మీదా చెరో చెయ్యి పెట్టి, "నాన్నా, ఇటు పవర్ అని ఉంది, అటు ఘాతం అని ఉంది. ఘాతం అంటే దెబ్బ కదా? విశ్వాసఘాతుకం మొన్నే తెలుగులో చెప్పారు. మరి పవర్‌కి దెబ్బ అని ఎందుకు రాశారు?" అని అడిగింది.

నేను కామర్స్ వాణ్ణి. "పవర్ ఉన్నవాడే కదమ్మా కొట్టేది" అని తప్పించుకున్నాను. నవ్వింది గానీ నమ్మలేదు. ఎవరికైనా అసలు సంగతి తెలిస్తే చెప్పండి. రేపు రాత్రి మళ్ళీ అడుగుతుంది, దాని సంగతి నాకు తెలుసు.

రుషికొండ కోడర్ · 9:41

సింపుల్ అండీ. పవర్‌కి "శక్తి" అని పెట్టాల్సింది. అప్పటికే ఫిజిక్స్ వాళ్ళు శక్తిని ఎత్తుకుపోయారు. మిగిలిన సంస్కృతం ముక్కల్లోంచి చేతికి దొరికినది అంటించేశారు. మన పారిభాషిక పదాలు సగం ఇంతే.

పూర్ణామార్కెట్ బుల్లబ్బాయి · 9:44

మా కొట్లో పవర్ పోతే దెబ్బే. అనువాదం కరెక్టుగానే ఉంది.

లెక్కల మాస్టారు · 10:15

కోడర్ తమ్ముడూ, తొందరపడ్డారు. ఇది పవర్‌కి అనువాదం కానే కాదు. ఇంగ్లీషు వాడు మన ఊరు రాకముందు నుంచీ ఉన్న మాట.

సంస్కృత గణితంలో ఘాతం అంటే గుణించగా వచ్చిన ఫలం. రెండు సంఖ్యల ఘాతం అంటే వాటి లబ్ధం, అంతే. "హన్" ధాతువు నుంచి పుట్టింది. కొట్టడం, చంపడం దాని అర్థాలు. హత్య, హంతకుడు, హతం అన్నీ ఆ ఇంటివే. పాత లెక్కల పుస్తకాల్లో గుణించమని చెప్పాల్సిన చోటల్లా కొట్టు, చంపు అనే చెబుతారు. హననం అంటే గుణకారం. వధ అన్నా గుణకారమే. హతం అంటే గుణించబడినది.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో గుణకారం సూత్రం ఎలా మొదలవుతుందో చూడండి: "గుణ్యాంత్యమంకం గుణకేన హన్యాత్". గుణ్యంలో చివరి అంకెను గుణకంతో కొట్టాలి అని. అందులోనే వృత్తం చుట్టుకొలత దగ్గర "ద్వావింశతిఘ్నే విహృతేఽథ శైలైః" అంటాడు. వ్యాసాన్ని 22తో "ఘ్న" చేసి 7తో భాగించు అని. శైలాలంటే కులపర్వతాలు, ఏడు. మనమంతా వల్లించిన 22/7 అదే. ఆ "ఘ్న" ఎక్కడో విన్నట్టుంది కదా? కృతఘ్నుడు, చేసిన మేలును చంపినవాడు. శతఘ్ని, వందమందిని చంపేది. లెక్కల్లో మాత్రం ద్విఘ్నం అంటే రెట్టింపు, శతఘ్నం అంటే నూరుతో గుణించినది.

ముప్పై ఏళ్ళు ఘాతాంకాలు చెప్పాను. మా పిల్లల్లో ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. మీ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి.

రుషికొండ కోడర్ · 10:32

సరే మాస్టారూ, అనువాదం అన్న మాట వెనక్కి తీసుకున్నా. కానీ ఇది ఇంకా విచిత్రంగా ఉంది. గుణిస్తే సంఖ్య పెరుగుతుంది. పెరిగేదాన్ని చంపడం అంటారా ఎవరైనా?

పూర్ణామార్కెట్ బుల్లబ్బాయి · 10:35

వడ్డీకి చక్రవడ్డీ వేస్తే అప్పు పెరుగుతుంది, మనిషి చస్తాడు. రెండూ కరెక్టే.

అమరం అల్లరి · 11:08

సంస్కృతం ఎం.ఏ. చేస్తున్నాను, ఏయూలోనే. లైబ్రరీలో చదివినది చెబుతాను.

కోడర్ గారి ప్రశ్నకి బిభూతిభూషణ్ దత్త, అవధేశ్ నారాయణ్ సింగ్ అనే ఇద్దరు 1930లలో హిందూ గణిత చరిత్ర రాస్తూ ఒక జవాబిచ్చారు. అప్పట్లో లెక్క చేసింది కాగితం మీద కాదు. పలక మీద సుద్దతోనో, పలక మీద దుమ్ము పరిచి వేలితోనో. అందుకే లెక్కకి ధూళికర్మ అని పేరు, పాటీగణితం అని కూడా. పాటి అంటే పలక. దాని మీద గుణించేటప్పుడు గుణ్యంలో ఒక్కొక్క అంకెనీ చెరిపేసి, ఆ చోటే ఫలాన్ని రాసుకుంటూ పోతారు. లెక్క పూర్తయ్యేసరికి మొదట రాసిన సంఖ్య ఉండదు, దాని స్థానంలో జవాబు ఉంటుంది. చచ్చేది పరిమాణం కాదండీ, పలక మీది అంకె. ఈ దశాంశ స్థానాల పద్ధతి వచ్చాకే చంపుడు మాటలు గుణకారానికి అతుక్కున్నాయని వాళ్ళ వాదన.

దీనికి బలం ఇంకొకటి ఉంది. అంతకంటే చాలా పాతవైన, యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల్లో గుణకారాన్ని "అభ్యాసం" అన్నారు, అంటే మళ్ళీ మళ్ళీ చేయడం. అక్కడ రక్తపాతం లేదు. మన పుస్తకాల్లో ప్రతి పాఠం మధ్యలో అభ్యాసం 2.1, అభ్యాసం 2.2 అని వస్తుంది చూడండి, ఆ మాటే. పిల్లలకి అది కూడా హననమే అనుకోండి.

లెక్కల మాస్టారు · 11:30

భేష్ అమ్మా. ఒక్క లెక్క చేసి చూపిస్తే కోడర్ గారికి కడుపు నిండుతుంది. లీలావతిలోని మొదటి గుణకారమే తీసుకుందాం. "పంచత్ర్యేకమితా దివాకరగుణా" అని అడుగుతాడు. ఐదు, మూడు, ఒకటి అని ఒకట్ల స్థానం నుంచి చెబుతున్నాడు కాబట్టి సంఖ్య 135. దివాకరులు పన్నెండుమంది, కాబట్టి 12తో గుణించాలి.

పలక మీద 135 రాయండి. చివరి అంకె అంటే ఇక్కడ పెద్ద స్థానంలోది, 1. దాన్ని 12తో కొడితే 12. ఆ 1ని చెరిపి 12 రాయండి. పలక మీద ఇప్పుడు 1235. తర్వాత 3ని కొట్టండి, 36. 3ని చెరిపి 6 రాసి, మిగిలిన 3ని ముందున్న 12లో కలపండి, 15. పలక మీద 1565. ఇప్పుడు 5ని కొట్టండి, 60. 5ని చెరిపి సున్న, 6ని 156లో కలిపితే 162. పలక మీద 1620.

135 ఎక్కడుంది? లేదు. చచ్చిపోయింది.

రుషికొండ కోడర్ · 11:36

మాస్టారూ!! ఇది ఇన్-ప్లేస్ ఆల్గారిథమ్. ఇన్‌పుట్ ఉన్న మెమరీలోనే అవుట్‌పుట్ రాసేయడం. మేం రోజూ చేసే పని. ఓవర్‌రైట్ అయ్యాక ఇన్‌పుట్ మళ్ళీ దొరకదు, డీబగ్గింగ్ నరకం.

అమరం అల్లరి · 11:52

ఆ నరకం అప్పుడూ ఉండేది. ఈ పద్ధతి అరబ్బుల దగ్గరికి దుమ్ము పలకతో సహా వెళ్ళింది. 952లో డమాస్కస్‌లో అల్ ఉక్లీదిసీ అనే ఆయన హిందూ లెక్కల మీద పుస్తకం రాస్తూ, ఈ దుమ్మూ వద్దు ఈ చెరపడమూ వద్దు, సిరాతో కాగితం మీద చేద్దామని కొత్త పద్ధతులు చూపించాడు. వీధుల్లో జాతకాలు చెప్పుకునేవాళ్ళు పలక పట్టుకు తిరుగుతారు, అది మనకి మర్యాద కాదు అనేది కూడా ఆయన కారణాల్లో ఒకటి.

భీమిలి అమ్మమ్మ · మంగళవారం ఉదయం 6:10

మీరంతా అర్ధరాత్రి దాకా మేలుకుని లెక్కలు చేస్తున్నారు, పొద్దున్నే లేచే అలవాటు పోయిందేంటి నాయనా.

మా చిన్నప్పుడు వీధిబడిలో ఇసుక పోసి వేలితో దిద్దించేవారు. తప్పు రాస్తే పంతులుగారు అరచేత్తో చదును చేసేసేవారు. పలకలు తర్వాత వచ్చాయి. పలక మీద చెరిపేది ఉమ్మితో, అమ్మ చూస్తే వీపు మోగేది, అదీ ఘాతమే. మేం గుణకారం అని అనేవాళ్ళం కాదు, హెచ్చవేత అనేవాళ్ళం. కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారం. హెచ్చడం అంటే పెరగడం. కోడర్ బాబు నిన్న అడిగింది అదే కదా, పెరిగేదానికి పెరిగే పేరు. తెలుగులో ఉండేది, మీరే వదిలేశారు.

రుషికొండ కోడర్ · 8:05

అమ్మమ్మగారికి వంద లైకులు. హెచ్చవేత అన్న మాట ఇవాళే విన్నాను, సిగ్గుగా ఉంది.

ఉక్కు ఫిట్టర్ · మధ్యాహ్నం 2:25

బి షిఫ్ట్‌కి బస్సులో వెళ్తూ చదువుతున్నా. కొట్టుడు మాటలంటున్నారు కాబట్టి నాదొక డౌటు. ప్లాంట్‌లో మాతో బీహార్ వాళ్ళు ఉంటారు. మనం సమ్మెట అనేదాన్ని వాళ్ళు "ఘన్" అంటారు. పది పౌన్ల సమ్మెట, రెండు చేతులతో ఎత్తి కొట్టేది. ఓరోజు పిన్ను బిగుసుకుపోతే ఒకతను "ఘన్ లావో ఘన్" అని కేకలేశాడు. కొత్తగా చేరిన మా ట్రైనీ కుర్రాడు ఘనం అంటే క్యూబ్ అనుకుని, చతురస్రంగా ఉన్న ప్యాకింగ్ ముక్క తెచ్చిచ్చాడు. ఇప్పటికీ వాణ్ణి క్యూబ్ అనే పిలుస్తాం.

మరి ఆ ఘన్, ఈ ఘనం ఒకటేనా?

అమరం అల్లరి · 3:40

అన్నా, మీ ట్రైనీ తెచ్చింది తప్పు కాదు! ఒకటే మాట.

ఘనం కూడా హన్ ధాతువే. సంస్కృతంలో ఘన అంటే కొట్టే గద, సమ్మెట. దట్టమైనది, గట్టిది అన్నా ఘనమే. ఆ గట్టి అర్థానికి పాణిని ఒక చిన్న సూత్రమే పెట్టాడు, "మూర్తౌ ఘనః" అని. హన్ నుంచి, ముద్దకట్టిన రూపం అనే అర్థంలో ఘన అవుతుందని. కొట్టి కొట్టి దట్టం చేసినట్టు. అక్కణ్ణుంచి దట్టంగా కమ్మే మేఘం ఘనం అయింది, ఘనశ్యాముడు వచ్చాడు. నీళ్ళు గడ్డకడితే ఘనీభవనం. గొప్ప పనికి ఘనకార్యం, అది ఇప్పుడు ఎక్కువగా తిట్టే. లెక్కల్లో ఆర్యభటుడు 499లోనే ఘనం అంటే మూడు సమానమైన వాటి సంవర్గం, అంటే లబ్ధం అనీ, పన్నెండు అంచుల ఆకారం అనీ రెండు అర్థాలూ ఒకే శ్లోకంలో చెప్పేశాడు. సంఖ్య, ఆకారం రెండూ ఘనమే. ఇంగ్లీషులో క్యూబ్ కూడా అలాగే కదా.

సీతమ్మధార వీణ · 4:15

సంగీతంలో కూడా ఉంది. నాట్యశాస్త్రంలో వాద్యాలు నాలుగు రకాలు: తీగలవి తతం, తోలు బిగించినవి అవనద్ధం, ఊదేవి సుషిరం, నాలుగోది ఘనం. తాళాలు, గంటలు, చిడతలు అన్నమాట. గట్టి వస్తువును గట్టి వస్తువుతో కొట్టి మోగించేవి. ఫిట్టర్ గారి సమ్మెట కూడా ఆ లెక్కన ఘనవాద్యమే. ఇంక నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే ఐదు రాగాలు ఘనరాగ పంచకం. త్యాగరాజు పంచరత్నాలు ఈ ఐదింట్లోనే.

ఉక్కు ఫిట్టర్ · 4:18

కచేరీకి పిలవండి మేడమ్, సమ్మెట నేనే తెస్తా.

పూర్ణామార్కెట్ బుల్లబ్బాయి · రాత్రి 8:02

మా బావమరిదికి కలప అడితి ఉంది. కర్ర కొలిచేది ఘనపుటడుగుల్లోనే, నోటితో మాత్రం సీఎఫ్‌టీ అంటాడు. పేపర్లో టీఎంసీ పక్కన శతకోటి ఘనపుటడుగులు అని రాస్తుంటారు కదా, అది చదివినప్పుడల్లా ఏదో ఘనమైన విషయం అనుకునేవాణ్ణి.

సీతమ్మధార వీణ · 8:20

గుణకారంలో గుణం సంగతి ఎవరూ చెప్పలేదేం? గుణం అంటే తీగ, దారం కూడా కదా. నాకు దాని మీదే ఆసక్తి.

అమరం అల్లరి · 8:45

అవునండీ. అమరకోశంలో వింటినారికి పేర్లు: "మౌర్వీ జ్యా శింజినీ గుణః". గుణం అంటే దారం, పేట. రెండు పేటలు కలిపి పేనితే ద్విగుణం, మూడైతే త్రిగుణం. పేటల లెక్క కాస్తా రెట్ల లెక్క అయింది. అంటే గుణకారానికి రెండు ఊహలు: ఒకరు పేనారు, ఒకరు కొట్టారు. పిల్లలకి గుణింతం, క.సా.గు.లో చివరి గు, మందు గుణం ఇవ్వడం, మనిషి గుణం, అన్నీ మొదటి ఊహ పిల్లలే. ఘాతం, ఘనం రెండోదానివి. పాతకాలపు జైన గణితవేత్త మహావీరాచార్యుడు రెండూ వద్దనుకున్నాడో ఏమో, గణితసారసంగ్రహంలో గుణకారానికి ప్రత్యుత్పన్నం అని పేరు పెట్టాడు. మన పావులూరి మల్లన తెలుగు చేసింది ఆ పుస్తకాన్నే. సమయస్ఫూర్తి ఉన్నవాణ్ణి ప్రత్యుత్పన్నమతి అంటాం చూడండి, ఆ ప్రత్యుత్పన్నం.

వింటినారి జ్యా కథ మొదలుపెడితే త్రికోణమితిలోకి పోతాం. దానికి వేరే దారం కావాలి.

గాజువాక నాన్న · 9:30

చదువుతుంటే ఆనందంగా ఉంది, కానీ మా ఇంట్లో జడ్జి ఒప్పుకోలేదు. పలక కథ చెప్పాను, బాగుందంది. వెంటనే, "అలా అయితే 2 × 3 కూడా ఘాతమే కదా. మా పుస్తకంలో 2ను 2తోనే, 3ను 3తోనే చేస్తేనే ఘాతం అన్నారు. ఎప్పుడు మారింది?" అంది. నా దగ్గర సరుకు అయిపోయింది మాస్టారూ.

లెక్కల మాస్టారు · 10:05

ఆమెను జడ్జిని చేసింది మీరే, అనుభవించండి.

పాతవాళ్ళకి 2 × 3 కూడా ఘాతమే, అమ్మాయి చెప్పింది నిజం. లీలావతిలో వర్గాన్ని "సమద్విఘాతః" అంటాడు, సమానమైన రెండింటి ఘాతం. ఘనాన్ని "సమత్రిఘాతః" అంటాడు, సమానమైన మూడింటి ఘాతం. ముందున్న ద్వి, త్రి చూడండి, ఎన్నింటిని కొట్టామో లెక్క. ఇవాళ మనం 2 మీద చిన్నగా 3 వేస్తే ఆ 3 చెప్పేది అదే. ఘాతం ఎన్నింటిదో చెప్పే అంకె, ఘాతాంకం. "సమ" అన్న మాట కాలక్రమంలో జారిపోయింది. మామూలు గుణకార ఫలానికి లబ్ధం ఉంది కాబట్టి, సమానమైన వాటి గుణకారానికే ఘాతం మిగిలింది.

ఇప్పుడు అసలు రుచి. నాలుగు, ఐదు, ఆరు ఘాతాలకి విడిగా పేర్లు పెట్టకుండా వర్గం, ఘనం అనే రెండు మాటలతోనే నడిపించారు. నాలుగో ఘాతం వర్గవర్గం, వర్గానికి వర్గం. ఆరో ఘాతం ఘనవర్గం. మరి ఐదు? రెండూ మూడూ పక్కన పెడితే ఆరే అవుతుంది, ఐదు రాదు. అప్పుడు "వర్గఘనఘాతం" అన్నారు. వర్గాన్నీ ఘనాన్నీ ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేది.

అమ్మాయిని కాగితం మీద రాయమనండి. ఘనవర్గంలో 3, 2 గుణించుకుంటాయి, 6. వర్గఘనఘాతంలో 2, 3 కలుస్తాయి, 5. చివర ఘాతం అన్న మాట ఉందా లేదా అన్నదే తేడా. వాళ్ళ పాఠంలో ఘాతాంక న్యాయాలని రెండు సూత్రాలు పక్కపక్కన ఉంటాయి, పిల్లలు ఎప్పుడూ తారుమారు చేసేవి. ఒకదానిలో ఘాతాంకాలు కూడాలి, ఇంకోదానిలో గుణించాలి. ఆ రెండూ ఈ రెండు పేర్లలో ఉన్నాయి.

రుషికొండ కోడర్ · 10:19

నేను ఓడిపోయాను. శక్తి అని పెట్టి ఉంటే ఈ మజా ఉండేది కాదు.

నా వంతుగా ఇంగ్లీషు వైపు వెతికాను. పవర్ అన్న మాటకి మూలం గ్రీకుల "దునామిస్", బలం అని. వాళ్ళు దాన్ని వర్గానికి వాడారు. డైనమో, డైనమైట్ దాని చుట్టాలే. లాటిన్‌లో పొటెన్షియా అయి పవర్‌గా తేలింది. వర్గానికి బలం అని పేరెందుకో నాకింకా అర్థం కాలేదు, మన దెబ్బే నయం. ఎక్స్‌పోనెంట్ అన్న మాట మాత్రం జర్మనీలో మైఖేల్ స్టీఫెల్ 1544లో వాడాడు.

భీమిలి అమ్మమ్మ · బుధవారం ఉదయం 6:02

ఆదివారం పిల్లని బీచికి తీసుకెళ్ళి ఇసుకలో చేయించు నాయనా. చెప్తే ఎక్కదు.

గాజువాక నాన్న · ఆదివారం రాత్రి 8:50

అమ్మమ్మగారి ఆజ్ఞ ప్రకారం ఆర్కే బీచ్‌కి వెళ్ళొచ్చాం. సబ్‌మెరైన్ దాటాక కాస్త ఖాళీ ఉంది. తడి ఇసుక గట్టిగా, పలకలాగే ఉంది. ఐస్‌క్రీమ్ పుల్లతో 135 రాసింది. 1 మీద అరచెయ్యి పెట్టి రుద్దేసి 12 రాసింది. తర్వాత 3. 1565 దాకా బ్రహ్మాండంగా వచ్చింది. ప్రతిసారీ "చచ్చింది" అంటూ చెరుపుతుంటే పక్కన ముంత మసాలా తింటున్న వాళ్ళు తిరిగి చూశారు.

అంతలో మా చిన్నోడు పరిగెత్తుకొచ్చి సరిగ్గా 6 మీద కాలేశాడు. ఇసుకలో 15, తర్వాత ఒక చిన్న పాదం, తర్వాత 5. అక్కడ ఎంత రాసిందో దానికి గుర్తు లేదు. వెనక్కి చూసుకుందామంటే 135లో మిగిలింది ఆ 5 ఒక్కటే. "డమాస్కస్ ఆయన చెప్పింది కరెక్టే నాన్నా" అని తమ్ముడి వీపు మీద ఒక ఘాతం వేసింది. లెక్క అక్కడే ఆగిపోయింది.

లెక్కల మాస్టారు · 9:15

ఆగక్కర్లేదు. పాదం కింది అంకె దొరుకుతుంది. అప్పటికి కొట్టడం పూర్తయిన భాగం 15, పాదం. ఆ సంఖ్య మొత్తం 12తో గుణిస్తే వచ్చినది. అమ్మాయిని ఆలోచించమనండి, మీరు చెప్పకండి.

గాజువాక నాన్న · 9:31

చెప్పలేదండీ, నాకు తెలిస్తే కదా. నిద్రకళ్ళతో పన్నెండో ఎక్కం మొదలుపెట్టింది. 144 దగ్గర ఆగింది, 156 అంది, తర్వాత 168 అంది. "150కీ 159కీ మధ్య ఒక్కటే ఉంది, 6" అని లేచి కూర్చుంది. ఇంకో నిమిషానికి, "పన్నెండు పదమూళ్ళు 156. అంటే చెరిపేసిన 1, 3 కూడా దొరికేశాయి నాన్నా" అంది.

ఉక్కు ఫిట్టర్ · 9:40

మా క్యూబ్ గాడికి చూపిస్తా ఈ దారం.